కడగని ఫ్లాస్కు

ఫిజా నా మీద కంప్లైంటు ఇచ్చిన సంగతి నాకు ఫిజా చెప్పలేదు. మా గైడు అర్జునరావు గారు చెప్పారు. శుక్రవారం పొద్దున్న గదిలోకి పిలిచి, కూర్చోమని కూడా అనకుండా, ఒక కాగితం నా ముందుకు తోశారు. టైపు చేసిన ఒకటిన్నర పేజీ, కింద నీలం సిరాతో సంతకం. "సాయిదుర్గ నోట్‌బుక్కులో ఉన్న ఫలితం నేను పదకొండుసార్లు ప్రయత్నించినా రాలేదు. అది నిజంగా వచ్చిందని నేను నమ్మడం లేదు." మిగతాదంతా ఆ రెండు ముక్కలకీ సాక్ష్యాలు, తారీఖులతో సహా.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. దొంగ అన్నా పడతాను గానీ అబద్ధాలకోరు అంటే పడను. మా అమ్మ చిలకమ్మ జాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్ళు వీధివీధీ తిరిగి చేపలమ్మింది. నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి మాకు మేడ ఉండేది. ఆ గంప మీద చదువుకున్నదాన్ని నేను. నన్ను పట్టుకుని కల్పించి రాసిందంటుందా ఆ మహాతల్లి?

మా ఇద్దరి మధ్యా మొదటినుంచీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. నాలుగేళ్ళుగా ఒకటే ల్యాబు, పక్కపక్క బల్లలు. పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలో నేను ఒక ఫ్లాస్కు అడిగితే, "ఇత్తాను గానీ, నువ్విచ్చినాక మల్లీ నానే కడుక్కోవాల" అంది. చేపల వాసనంటూ నన్ను చూసి ముక్కు మూసుకున్నవాళ్ళని బళ్ళోనూ కాలేజీలోనూ చాలామందిని చూశాను. అదే లెక్కలో వేసుకున్నాను. ఊరుకునే రకాన్నా? "ఇదేటి మీ నాన్న కళాయి కొట్టనుకున్నావా" అన్నాను. వాళ్ళ నాన్న వన్‌టౌన్‌లో రాగి గిన్నెలకి కళాయి వేస్తాడు. ఆ రోజుతో మా మధ్య మాటలు బందు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సొస్తే చీటీ రాసి ఓవెన్ తలుపుకి అంటించేవాళ్ళం.

తమాషా ఏమిటంటే, మా ఇద్దరిదీ కలిపి ఒకటే ప్రాజెక్టు. ఉక్కు కొలిమి పొగలో పోయే కార్బన్ డయాక్సైడ్‌ని ఎపాక్సైడ్ అనే ద్రవంతో కలిపి ప్లాస్టిక్కుగా మార్చాలి. ఊరికే కలిపితే అవి కలవవు, వాటిని కలిపే మధ్యవర్తి కావాలి. ఒక్క కోబాల్టే ఆ పని చేస్తే ఈడ్చి ఈడ్చి చేస్తుంది. అదే కోబాల్టుని, ఇంకో లోహాన్ని ఒకే అణువులో పక్కపక్కన కూర్చోబెడితే, ఒకటి ఎపాక్సైడ్‌ని కదలకుండా పట్టుకుంటుంది, రెండోది పక్కనుంచి వాయువుని తెచ్చి అతికిస్తుంది. వల లాగడానికి ఇద్దరు కావాలి కదా, అలాగే. ఆ రెండో లోహం మెగ్నీషియమని మా గైడుగారి నిర్ణయం. లోహాలు కూర్చునే గూటిని, రెండు పీటలతో సహా, ఫిజా తయారుచేస్తుంది. అందులో కోబాల్టుని, మెగ్నీషియాన్ని కూర్చోబెట్టి పనిలో పెట్టేది నేను. ఆమె గూడు లేకపోతే నాకు పని లేదు, నేను లేకపోతే ఆమె గూడు ఎందుకూ కొరగాదు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నాలుగేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చాం.

పని ఫలించింది కూడా. ఆరు గంటల్లో నూటికి ఎనభై అయిదు పాళ్ళు ప్లాస్టిక్కు. ఫ్లాస్కులో ద్రవం చిక్కబడి, బెల్లం పాకంలా ముదిరి, దాన్ని కలుపుతూ లోపల తిరిగే చిన్న మాగ్నెట్ బీడు ఎక్కడిదక్కడ ఇరుక్కుపోయేది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ ఇరుక్కుంది. గైడుగారు సంబరపడి పేపరు పంపారు. జర్నల్ వాళ్ళేమో ఇంకొకరి చేత కూడా చేయించి చూపించమన్నారు. ఆ ఇంకొకరు ఫిజా. నాలుగు నెలల్లో పదకొండుసార్లు చేసింది. ఒక్కసారి కూడా ఇరవై పాళ్ళు దాటలేదు.

"సోమవారం పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది" అన్నారు అర్జునరావు గారు. "రాయడంలో పొరపాటు జరిగిందని ఉత్తరం రాసివ్వు. ఒక ఏడాది వెనక్కి వెళ్తావు, అంతే. లేదంటే కల్పించి రాసినట్టు తేలుస్తారు. రిజిస్ట్రేషన్ రద్దు. తర్వాత ఏ ల్యాబూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

"నాకు వచ్చింది సర్. నాలుగుసార్లు వచ్చింది."

"నీ ఒక్కదానికే వచ్చేదాన్ని కెమిస్ట్రీ అనరమ్మా. గారడీ అంటారు."

"మీ ముందే మళ్ళీ చేసి చూపిస్తాను."

"నీ చెయ్యి పడితే ఎవరు నమ్ముతారు? ఇంకొకరు చెయ్యాలి. చెయ్యగలిగినది ఫిజా ఒక్కతే. ఆమెకి రాలేదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉత్తరం రాసుకో."

రాయనని చెప్పి బయటకొచ్చేశాను. ల్యాబుకి వెళ్తే ఫిజా బల్ల ఖాళీ. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి పోతుంది. సరే, ఇంటి దగ్గరే కడిగేద్దాం అనుకున్నాను. జగదాంబ జంక్షన్ దగ్గర షేర్ ఆటో ఎక్కి వన్‌టౌన్‌లో దిగాను. దారి పొడుగునా ఆమెని అనాల్సిన మాటలన్నీ పేర్చుకుంటూనే ఉన్నాను. ఆటోలో పక్కావిడ నన్ను చూసి కొంచెం జరిగి కూర్చుంది.

ఫిజా వాళ్ళ నాన్న రజాక్ గారి కొట్టు కురుపాం మార్కెట్ వెనక సందులో ఉంటుంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆయన పెద్ద బిర్యానీ డేగిసా ఒకటి కడిగి గోనె మీద బోర్లించి, పోర్టు బొగ్గు దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతున్నాడు. ఇంకో గిన్నె బొగ్గుల మీద కాగుతోంది.

"ఫిజా ఉన్నాదా అంకుల్?" అంటూ ఆ డేగిసా అంచు మీద చెయ్యి ఆన్చాను.

"సెయ్యి తీయమ్మా" అన్నాడాయన. అరవలేదు గానీ మొహం మాడిపోయింది. గుడ్డ లాగేసి, ఆ డేగిసాని మళ్ళీ నీళ్ళ తొట్టి దగ్గరకి దొర్లించాడు. "మల్లీ కడగాల. అరగంట పని."

అసలే కాలి ఉన్నాను. "ముట్టుకుంటే ఏటయిపోద్ది? నా సేతులకేటి అంటుకొని ఉన్నాది?"

"సెమట ఉంటాదమ్మా, నీ సేతికీ నా సేతికీ. కంటికి కనపడదు." ఆయన ఆసిడ్ తడిపిన గుడ్డతో నా చెయ్యి పడ్డచోటంతా రుద్దడం మొదలెట్టాడు. "కింద రాగి, పైన తగరం. రెండింటికీ మజ్జిన ఏదీ ఉండకూడదు. ఉంటే తగరం దాని మీద కూకుంటాది, రాగి మీద కూకోదు. పైకి తెల్లగా తళతళలాడతాది. ఏటి మీద కూకున్నాదో నీకూ తెలవదు, నాకూ తెలవదు. మా ఫిజా సిన్నప్పుడు ఈ కడుగుడంతా దాని పనే. ఆసిడ్ ఒకపాలి, నీలు మూడుపాలు. ఒక్కపాలి తగ్గించినా ఒప్పుకునేది కాదు."

పేర్చుకొచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆసిడ్ ఒకసారి, నీళ్ళు మూడుసార్లు.

మా ల్యాబులో ఒక మూలన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావకం నింపిన ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. మురికి ఫ్లాస్కులు అందులో రాత్రంతా నానుతాయి. పొద్దున్న తీసి నీళ్ళతో కడిగి, ఆసిడ్లో ముంచి, మళ్ళీ మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి ఓవెన్లో పెట్టాలి. గోడ మీద రాసి ఉంది. నేను ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. మా పేటలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ నలభై నిమిషాలు. అంట్లు ఇసకతో కరకరా తోమి ఒక్క చెంబుతో తొలుచుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. రెండో చెంబు ముంచితే, "నీలు అలగ పారబోత్తే రేపేటి తాగుతావే" అని అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. ల్యాబులోనూ అంతే. ఒక్క మగ్గు పోసి, గిర్రున తిప్పి, ఓవెన్లో పెట్టేసేదాన్ని. గాజు అద్దంలా మెరిసేది. ఆసిడ్లో ముంచడం, దాన్ని వదిలించడానికి మళ్ళీ మూడు నీళ్ళు పొయ్యడం వట్టి దుబారా అనుకునేదాన్ని. ఎవరూ చూడలేదు. చూడ్డానికి మేము మాట్లాడుకుంటే కదా.

గాజుకి ఏమి అంటుకుని ఉండిపోయింది మరి? తొట్టిలో ఉన్నది పొటాషియమే. పొటాషియం కూడా లోహమే.

లోపలి తలుపు తీసుకుని ఫిజా వచ్చింది. నన్ను చూసి చున్నీ సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. "దెబ్బలాడ్డానికొచ్చినావా? మా నాన్న ముందు ఒద్దు. బయటికి పద."

"నీ ఫ్లాస్కులు ఎలగ కడుగుతావు?" అన్నాను.

"ఏటి?"

"తొట్టిలోంచి తీసినాక ఏటి సేత్తావు?"

"గోడ మీద రాసున్నాది సదువుకో. ఆసిడ్, మూడు నీలు."

"నాను ఆసిడ్ ఎయ్యను. ఒక్క మగ్గు నీలు, అంతే."

ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నా కంటే తెలివైనది, ఆ మాట నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. మొహంలో రంగు పోయింది, తర్వాత ఒక్కసారిగా ఎర్రబడింది.

"పొటాషియం" అంది. "మెగ్నీషియం పీట మీద పొటాషియం కూకున్నాది. నీ శాంపిల్ మాస్ స్పెక్ట్రంలో పొటాషియం గీత ప్రతిపాలీ కనపడతానే ఉన్నాది. గాజు నుంచి అంటుకోడం మామూలే, ఒగ్గీమని సార్ అన్నాడు."

"అదే అయ్యుంటాది."

"నాలుగు నెలలు" అంది ఫిజా. "పదకొండుపాలు సేసినాను. నా గూడే తప్పనుకున్నాను. నా సెయ్యే మంచిది కాదనుకున్నాను. అమ్మీ అన్నం పెడితే తినలేకపోనాను. నువ్వు గిన్నె కడగడం సేతగాక నాను నా సేతుల్ని తిట్టుకున్నాను. సిగ్గుందా నీకు?"

"నన్ను అబద్ధాలకోరని కాగితం ఎక్కించినావు, నీకున్నాదా సిగ్గు? ఒక్కపాలి అడిగినావా నన్ను, ఎలగ సేసినావని?"

"అడిగితే సెప్పీదానివా?"

చెప్పేదాన్ని కాదు. రజాక్ గారు మా ఇద్దరినీ చూడకుండా డేగిసాకి మూడోసారి నీళ్ళు పోస్తున్నాడు.

"రేపొచ్చి నీ సేత్తో సెయ్యి" అన్నాను చివరికి. బతిమాలడం నాకు రాదు, ఆ రోజు బతిమాలాను. "నాను ముట్టుకోను. నీ సేత్తో వస్తేనే నమ్ముతారంట. సోమవారం నా పేరు కొట్టేత్తారు ఫిజా."

"నాను సెయ్యను. కడుక్కోనిదానివి నువ్వు, సెప్పుకో ఎల్లి."

అప్పుడు రజాక్ గారు తలెత్తి ఉర్దూలో కూతురితో నెమ్మదిగా ఏదో అన్నాడు. నాకు అర్థమైనంతవరకూ, తప్పు నీ చేతిది కాదని తేలడం నీకూ అవసరమే కదా అని. ఫిజా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

శనివారం ఏడున్నరకి నేను ల్యాబుకి వెళ్ళేసరికే ఆమె తొట్టి దగ్గర గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉంది. తొట్టిలోంచి మూడు ఫ్లాస్కులు తీసింది. "నువ్వు ఆ స్టూలు మీద కూకో. సేతులు ఒళ్ళో ఎట్టుకో. దేన్నీ ముట్టుకున్నావా, అన్నీ ఒగ్గేసి ఎల్లిపోతాను."

కూర్చున్నాను. గోడవారగా, బడిలో శిక్ష పడ్డదానిలా.

మొదటి ఫ్లాస్కు తన పద్ధతిలో కడిగింది. ఆసిడ్లో ముంచి, మూడుసార్లు తొలిచింది. రెండోది చేతిలోకి తీసుకుని, "సెప్పు, ఎలగ కడుగుతావు?" అంది.

"మగ్గుడు నీలు. సగం లోపల పొయ్యి, ఒక్క తిప్పు తిప్పి పారబొయ్యి. మిగతా సగం బయట."

ఆమె పోసి తిప్పింది. మళ్ళీ తిప్పబోయింది.

"అంతే. ఒక్కటే తిప్పు."

"సబ్బు నీలు కూడా పోవు ఇలగయితే."

"సాలు. ఓవెన్లో ఎట్టీ."

"ఛీ" అంది. అది నటన కాదు. కళాయివాడి కూతురు, అలా కడగడం ఆమెకి చేతులు రాని పని. అయినా పెట్టింది. నాకు ఆ క్షణాన ఆమెని చూస్తే నవ్వూ వచ్చింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

మూడో ఫ్లాస్కు మళ్ళీ తన పద్ధతిలోనే శుభ్రంగా కడిగింది. "ఇదెందుకు?" అన్నాను. నోట్‌బుక్కులో రాసుకుంటూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "మురికి ఫ్లాస్కులో బాగా వచ్చిందంటే మురికిలో ఏదో ఉన్నాదని తెలుస్తాది, అంతే. పొటాషియమే అని తెలీదు. దీంట్లో మెగ్నీషియం అసలెయ్యను. పొటాషియం తూకమేసి నానే ఏత్తాను. ఇందులో కూడా వస్తే అప్పుడు మాట."

ఆ మూడో ఫ్లాస్కు ఆలోచన నాకు రాలేదు. నా తలకాయ మీద కత్తి వేలాడుతుంటే, దాన్ని ఎలా తప్పించుకోవాలా అన్నదే నా ఆలోచన. నిజం ఏమిటో పూర్తిగా తేలాలన్న ఆలోచన ఆమెది. చెప్పుకోవడానికి నామోషీగానే ఉంది.

ఆ రోజంతా మూడు గూళ్ళలోకీ లోహాలు ఎక్కించి ఆరబెట్టింది. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మూడు ఫ్లాస్కుల్లో ఎపాక్సైడ్ పోసి, కార్బన్ డయాక్సైడ్ నింపిన మూడు రబ్బరు బుడగలు తగిలించి, వేడి నూనెలో పెట్టింది. మూడు బీడులూ గిరగిరా తిరగడం మొదలెట్టాయి. నేను స్టూలు మీదే. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా విప్పుకుని తింది. నన్ను తింటావా అని అడగలేదు. నేను తెచ్చుకున్న చేపల పులుసు డబ్బా విప్పి, కావాలనే ఆమె వైపు తిరిగి తిన్నాను. ఆమె కిటికీ తెరిచింది.

ఒంటిగంట దాటాక మూడో ఫ్లాస్కులో బీడు నెమ్మదించింది. కాసేపటికి టకటకా కొట్టుకుని ఆగిపోయింది. ఇంకో అరగంటకి రెండోది, నా మగ్గుడు నీళ్ళది, అదీ ఇరుక్కుపోయింది. శుభ్రంగా కడిగిన మొదటి ఫ్లాస్కులో మాత్రం ద్రవం నీళ్ళలా పల్చగా, బీడు హాయిగా తిరుగుతూనే ఉంది. ఫిజా మూడింట్లోంచీ చుక్కలు తీసి యంత్రంలో పెట్టింది. మొదటిది పంతొమ్మిది పాళ్ళు. రెండోది ఎనభై మూడు. మూడోది తొంభై ఒకటి.

ఏడ్చేశాను. ఫిజా అంకెలు నోట్‌బుక్కులో ఎక్కించి, కింద సంతకం, టైము వేసి, గైడుగారికి ఫోన్ చేసింది.

అర్జునరావు గారు మూడింటికల్లా వచ్చారు. మూడు ఫ్లాస్కులూ చూశారు, అంకెలు చూశారు, కుర్చీలో కూలబడ్డారు. సంతోషిస్తారనుకున్నాను, నా పిచ్చి గానీ.

"పేపర్లో మెగ్నీషియం అని రాశాం" అన్నారు. "పేటెంటు అర్జీలో మెగ్నీషియం. పోయిన నెల ఢిల్లీలో పెద్దవాళ్ళ ముందు నిలబడి మెగ్నీషియం, మెగ్నీషియం అని ముప్పావుగంట చెప్పి వచ్చాను. ఇప్పుడు వెళ్ళి, మా అమ్మాయి ఫ్లాస్కు కడగలేదండీ, అది పొటాషియమండీ అని చెప్పనా?" కాసేపు నుదురు రుద్దుకున్నారు. తర్వాత గొంతు మెత్తబడింది. "ఇలా చేద్దాం. ఫిజా, నువ్వు నీ కాగితం వెనక్కి తీసుకో. నాకూ వచ్చింది అని ఒక్క మాట రాసివ్వు, నిజమే కదా, వచ్చింది. కమిటీ రద్దు. దుర్గా, నీ మీద మచ్చ ఉండదు. ఈ పొటాషియం సంగతి ఆరు నెలలు పోయాక నిదానంగా చూసుకుందాం. ఈ గది దాటి బయటికి పోకూడదు."

నాకు సరే అనెయ్యాలనే అనిపించింది, దాచడం ఎందుకు. కడగడం చేతకాదని ముగ్గురు పెద్దమనుషుల ముందు చెప్పుకోవాల్సిన గతి తప్పుతుంది. రిజిస్ట్రేషన్ ఉంటుంది. తల వంచుకుని నేల వైపు చూస్తూ, ఫిజా ఊఁ అనాలని మనసులో మొక్కుకున్నాను.

"నాను తీసుకోను సర్" అంది ఫిజా. "వచ్చింది మెగ్నీషియంతో కాదు. అలగని సంతకం పెట్టను."

"ఆ పిల్ల బతుకు పోతుందమ్మా."

"పోకుండా ఉండాలంటే ఉన్నది చెప్పమనండి, రేపు." నా వైపు చూపు కూడా తిప్పకుండా సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. నన్ను నలుగురిలో నిలబెట్టి పరువు తియ్యాలనే ఇదంతా అనుకున్నాను. ఆ రోజు ఆమెని ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు.

సోమవారం పదకొండింటికి బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో వెండి జుట్టు ప్రొఫెసర్ మేడమ్. గైడుగారు ఒక చివర గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. నన్ను చెప్పమన్నారు. చెప్పాను. తొట్టిలోంచి తీసిన ఫ్లాస్కుని ఆసిడ్లో ముంచలేదని, ఒక్క మగ్గుతోనే తొలిచేదాన్నని, నాలుగేళ్ళూ అంతేనని, ఆ నాలుగుసార్లూ ఆ ఫ్లాస్కుల్లోనే చేశానని.

కుడివైపు కూర్చున్న బట్టతలాయన నవ్వాడు. "మీ ఇళ్ళల్లో అంట్లు కూడా ఇలాగే తోముతారా?"

"మా కుళాయి నలభై నిమిషాలే వస్తుంది సర్" అన్నాను. చెవులు కాలిపోతున్నాయి.

మేడమ్ నవ్వలేదు గానీ, ఆవిడ మాట నవ్వు కంటే గట్టిగా తగిలింది. "చూడమ్మా, నాలుగు నెలలుగా నాకు వచ్చింది, నాకు వచ్చింది అన్నావు. పట్టుబడ్డాక ఇప్పుడు కడగలేదు అంటున్నావు. ఇది కూడా నువ్వు అల్లిన కథ కాదని ఏమిటి నమ్మకం? నీ మాట తప్ప ఏముంది?"

నా దగ్గర ఏమీ లేదు. నా నోట్‌బుక్కు నేను రాసిందే. నా ఫ్లాస్కులు నేను కడిగినవే. నా మాట నాదే. అప్పటిదాకా వెనక వరసలో ఉన్న ఫిజా లేచి నిలబడింది.

"మూడు ఫ్లాస్కులూ నేను చేశాను మేడమ్. కడగడం నుంచి అంకెల దాకా. ఆమె చెయ్యి ఎక్కడా తగల్లేదు." నోట్‌బుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మేడమ్ పేజీలు తిప్పింది. మూడో ఫ్లాస్కు దగ్గర ఆగింది. చాలాసేపు చదివింది. "అయితే నీ కంప్లైంటు తప్పంటావా?"

"నాకు రాలేదని రాశాను, అది నిజం. నాకు రాలేదు కాబట్టి ఆమెకీ రాలేదనుకున్నాను. అది తప్పు."

"అంటే ఆమె నిజాయితీ గల మనిషే అని నువ్వు చెప్తున్నావు."

ఫిజా నా వైపు తిరిగింది. నాలుగేళ్ళలో నన్ను అంత సూటిగా చూడలేదు. ఆ చూపులో జాలి గానీ స్నేహం గానీ వీసమెత్తు లేదు. నిన్న గైడుగారి ముందు నేను తల వంచుకుని నిలబడ్డ సంగతి ఆమెకి తెలుసు. అయినా అంది.

"ఈమెకి కడగడం రాదు మేడమ్. అబద్ధం చెప్పడం కూడా రాదు."

మేడమ్ తలాడించి పెన్ను తీసింది. అంతే. ఇంకొక ప్రశ్న లేదు. కల్పన జరిగినట్టు ఆధారం లేదని, నిర్లక్ష్యం మాత్రం జరిగిందని, పేపరు వెనక్కి తీసుకోవాలని పది నిమిషాల్లో రాసేశారు. పొటాషియం సంగతి కొత్తగా రాయాలని, దాన్ని నిరూపించింది ఫిజా కాబట్టి మొదటి పేరు ఆమెదేనని గైడుగారు అక్కడే ప్రకటించారు. అప్పటికే ఆయన మొహంలో కళ వచ్చేసింది, ఢిల్లీ వాళ్ళకి ఏం చెప్పాలో దొరికినట్టుంది.

వరండాలో ఫిజాని అందుకున్నాను. "థాంక్స్" అన్నాను.

"నీ కోసం కాదు" అంది ఆగకుండానే. "నా సేతులు మంచివేనని తెలవాల. అందుకు. రేపట్నుంచి ఆసిడ్లో ముంచకపోనావంటే మల్లీ కాగితం రాత్తాను."

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని గంప కట్టు సరిచేసుకుంటోంది. నన్ను చూసి చేతిలో పని ఆపింది. "ఏటన్నారే?"

"అబద్ధం కాదని రాసినారు. నా పేరు తీయలేదు."

"అమ్మయ్య. గంగమ్మ తల్లి సూసినాది." అంతలోనే నా మొహం చూసింది. "మరి ఏడుత్తావేటే గుంటా?"

పక్కన కూలబడ్డాను. "నాలుగు నెలల్నుంచి నాను సెప్తన్నానమ్మా. ఒక్కలంటే ఒక్కలు నమ్మలేదు. ఇయ్యాల కూడా నమ్మలేదు. అది లేచి ఒక్క మాట సెప్పినాది, నమ్మీసినారు."

"ఎవులే అది?"

"నా మీద కాగితం రాసినాదే" అన్నాను.